తండ్రులున్నవాళ్లు ఒక పక్కకు

మేము ఎమ్మే చదివే రోజుల్లో ప్రాచీన చైనా నీతి అనే పేపరు ఒకటి ఉండేది. మాస్టారు మార్కులు ధారాళంగా వేస్తారన్న పుకారు నమ్మి మా క్లాసులో చాలామంది తీసుకున్నారు. నేను మాత్రం పోట్లాట కోసం తీసుకున్నాను. ఆ పేపరు నిండా పోట్లాటలేనని పై తరగతి అమ్మాయిలు చెప్పారు. నాకు అంతకంటే ఏం కావాలి?

పోట్లాట ముఖ్యంగా ఇద్దరు గురువుల మధ్య. నిజానికి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్లు కారు. ఒకరు పోయాక ఇంకొకరు వచ్చారు. వాదం మాత్రం శిష్యుల నోళ్లలో వందల ఏళ్లు నడిచింది. మొదటాయన మర్యాద తెలిసిన మనిషి. ప్రేమకు వరుస ఉంటుందన్నాడు. ముందు నీ తండ్రి, తర్వాత నీ అన్న, ఆ తర్వాత ఊరు, ఆ పైన లోకం. మనిషి లోపల ఉన్నదాన్ని బయటికి చెప్పే భాషే ఆచారం అన్నాడు. రెండో ఆయన చేతిపని తెలిసినవాడంటారు, వడ్రంగం లాంటిది. ఆయనకు ఈ వరుసలు నచ్చలేదు. ఎదుటివాడి తండ్రిని నీ తండ్రిలా చూడు, అందరినీ ఒకటిగా ప్రేమించు, చచ్చినవాళ్ల పేరున బతికినవాళ్ల కడుపులు మాడ్చకు అన్నాడు. నేను మొదటివాడికి పెద్దాయన అనీ, రెండోవాడికి వడ్రంగాయన అనీ పేర్లు పెట్టుకున్నాను. మొదటి క్లాసు నుంచీ వడ్రంగాయన పక్షమే.

ఆ పక్షపాతానికి కారణం పుస్తకంలో లేదు. డిగ్రీ చివరి ఏడు మా నాన్న పోయారు. మా తమ్ముడికి గుండు గీసి, మొలకెత్తీ మొలకెత్తని మీసం తీసేస్తే ఊరంతా వాణ్ణి చూసి కళ్లు తుడుచుకుంది. నేను మామూలుగా జడ వేసుకుని కాలేజీకి వెళ్లాను. తండ్రి పోయిన ఆడపిల్ల మొహాన ఏ గుర్తూ ఉండదు. సగం పిల్లలను లెక్కలోకి తీసుకోని భాష ఒక భాషేనా అని అప్పటి నుంచి నా తగువు.

చదువయ్యాక పెళ్లి, పెళ్లయ్యాక బహ్రెయిన్. మా ఆయన అస్కర్ దగ్గర పెద్ద అల్యూమినియం ఫ్యాక్టరీలో పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సు సూపర్వైజరు. నేను మనామాలో, బంగారు కొట్ల వెనక సందులో, ఒక చిన్న ఆఫీసులో కాగితాలు టైపు చేస్తాను. చైనా పెద్దలు నా బుర్రలో ఏ మూలో దుమ్ము పట్టి పడున్నారు. మన తెలుగువాళ్ల సంఘం కార్యదర్శి ఒకసారి శుక్రవారం సభలో ఏదైనా మాట్లాడమన్నాడు. నేను ఊరగాయల గురించి చెబుతాననుకున్నాడు పాపం. నేను చైనా నీతి ఎత్తుకున్నాను.

ఆశ్చర్యమేమిటంటే జనం విన్నారు. అస్కర్ క్యాంపు నుంచి మా ఆయన వెంట వ్యానులో వచ్చే జగిత్యాల, సిరిసిల్ల వైపు మనుషులు మరీ విన్నారు. వాళ్లకు పెద్ద దిక్కు ఒక ఫోర్‌మన్. ఎత్తు మీద పనిచేసేవాళ్లు నిలబడటానికి ఇనుప గొట్టాలతో పరంజా కట్టించడం ఆయన పని. క్యాంపు గదిలో అందరికంటే వయసులో పెద్ద, అందుకని అందరూ పెద్దన్న అంటారు. నేను వడ్రంగాయనను పైకెత్తి మాట్లాడుతుంటే ఆయన లేచాడు.

"మేడం, మీ వడ్రంగాయనకు అవ్వ లేదా ఏంది? మా అవ్వ, మంది అవ్వ ఒక్కపారే ఆకలైతుందంటె ముందు ఎవలకు వెట్టాలె?"

చెరిసగం పెట్టమన్నాను.

"మా అవ్వ నన్ను సగమే కన్నదా మరి?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాననుకోండి, కానీ వదల్లేదు. అక్కడి నుంచి ప్రతి సభలోనూ ఆయనా నేనూ పెద్దాయన తరఫున ఒకరు, వడ్రంగాయన తరఫున ఒకరు. ఆయన చైనా పేరైనా సరిగా పలకడు, వాదన మాత్రం అచ్చం పెద్దాయన శిష్యుడిలా నడిపేవాడు. సముద్రం అవతల, రెండు వేల ఏళ్లకు పైగా వెనక ఎవరో చింకి చాపల మీద కూర్చుని తేల్చుకోలేకపోయిన మాట ఇక్కడ మనామాలో, ఉప్మా ప్లేట్ల ముందు మళ్లీ లేచి కూర్చోవడం చూస్తూ నా ప్లేటు సంగతి మరిచిపోయేదాన్ని.

చలికాలంలో ఒక రోజు మధ్యాహ్నం ఆఫీసుకు మా ఆయన ఫోను చేశాడు. పెద్దన్న తండ్రి ఊళ్లో పోయారు. వెళ్లడానికి వీలు పడలేదు. టికెట్టు దొరికినా మర్నాటికి గానీ ఇల్లు చేరడు. పీనుగ లేచేదాకా ఊళ్లో ఎవరూ ముద్ద ముట్టరు, అంతసేపు ఆపడం ధర్మం కాదని ఆయనే తమ్ముడికి చెప్పి నిప్పు పెట్టించాడు. ఫోనులో చూశాడట. చూసి, డ్యూటీ బట్టలు విప్పి మడత పెట్టి, మంచం మీద కూర్చున్నాడట.

పలకరించడానికి మేమిద్దరం క్యాంపుకు వెళ్లాం. నేను ఆ గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి. ఒకదాని మీద ఒకటి మంచాలు, మూల గ్యాసు పొయ్యి, గోడకు దేవుడి పటం. పొయ్యి చల్లగా ఉంది. పక్క గది వాళ్లు అన్నం, పప్పు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లారు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు పెడతారు. అది నాకు తెలుసు. కానీ ఇక్కడ చావు జరిగిన ఇల్లు ఎక్కడుంది? సముద్రం అవతల ఎక్కడో ఉంది. అదే అడిగాను. ఆ గదిలో మెస్సు చూసుకునే ఆయన, నోరు గల మనిషి, నాకు జవాబిచ్చాడు.

"ఒక్క పొయ్యి మీద తింటున్నం గద మేడం. ముట్టుడు గూడ ఒక్కటే."

ముట్టుడంటే మైల. రక్తసంబంధం ఉన్నవాళ్లకే పడుతుంది. అది శాస్త్రం. వీళ్లు అన్నం కుండను పట్టుకుని పాలోళ్లు, దాయాదులు అయిపోయారు. అంతటితో ఆగలేదు. పదోనాడు శుక్రవారం పడింది. ఆ రోజు పొద్దున పెద్దన్నతో పాటు గదిలో తండ్రి లేనివాళ్లందరూ గుండు చేయించుకుని మీసం తీయించుకోవాలని నిర్ణయించుకున్నారు.

తండ్రి లేనివాళ్లే ఎందుకని నేను అడగలేదు, ఆ సంగతి మా గుంటూరు వైపూ ఉంది. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. గుండు ఫరవాలేదు, తిరుపతిలోనో వేములవాడలోనో మొక్కు తీర్చుకుంటారు. మీసం మాత్రం తండ్రి పోయిననాడే పోవాలి. సినిమా హీరోను చూసి నున్నగా గీసుకొచ్చిన కుర్రాళ్లను మా వీధి ముసలమ్మలు ఒరే మీ నాన్న ఉన్నాడా పోయాడా అని అడిగి పరువు తీసేవారు.

ఎవరెవరు తీయించుకోవాలో మెస్సాయన మంచం మంచం తిరిగి తేలుస్తున్నాడు. ఒక మంచం దగ్గర ఆగిపోయాడు. అక్కడ కూర్చున్నది ఒక వెల్డర్. ముప్పై దాటిన మనిషి, ఒత్తుగా మీసం. నన్ను సభలో అక్కా అని పిలిచేది అతనొక్కడే.

"నువ్వెటురా?" అన్నాడు మెస్సాయన.

అతను దుప్పటి అంచు సర్దుకున్నాడు. మెస్సాయన పక్క మంచానికి జరిగాడు. తిరుగుదారిలో కారులో మా ఆయన చెబితే నాకు సంగతి తెలిసింది.

వెల్డర్ బడికి వెళ్లే వయసులో అతని తండ్రి ఈ గల్ఫుకే వచ్చాడు. వాళ్ల లెక్కలో అంతా దుబాయే. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి. తర్వాత వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర నుంచి తప్పుకుని ఎక్కడో దొంగచాటుగా పనిచేస్తున్నాడని ఒకరన్నారు, జైల్లో ఉన్నాడని ఒకరన్నారు, చూశామని కొందరు, పోయాడని కొందరు. శవమూ రాలేదు, మాటా రాలేదు. గడ్డిబొమ్మ చేసి కాల్చి కర్మ చేసేయండని ఊరి పెద్దలు చెప్పి చూశారు. మొఖం చూడకుండ నేను బొట్టు తియ్య అని తల్లి కూర్చుంది. ఈనాటికీ బొట్టు, మట్టెలు, మెడలో పుస్తె అన్నీ ఉన్నాయి. రోజూ వీడియోలో కొడుకుతో మాట్లాడుతుంది. ఆ కొడుకు మీసం లేకుండా ఫోనులో కనిపించాడంటే ఇక ఎవరూ ఆమెతో ఏమీ చెప్పక్కర్లేదు.

సరే, తీయించుకోకుండా ఊరుకోవచ్చు కదా అన్నాను. మా ఆయన అదీ తేలిక కాదన్నాడు. వెల్డర్‌ను ఇక్కడికి తెచ్చింది పెద్దన్న. పని నేర్పింది ఆయన. కడుపులో పుండు పడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని గంజి తాగించింది ఆయన. అలాంటి మనిషి తండ్రికి గదిలో అందరూ తలలిస్తుంటే అతనొక్కడు జుట్టు దువ్వుకుని నిలబడాలా?

గది నుంచి బయటికి వచ్చేముందు మెస్సాయన నన్ను అడగనే అడిగాడు, మీ చైనా పెద్దమనుషులు గిసొంటిదానికి ఏమన్నరు మేడం అని. చూసి చెబుతానన్నాను. నా నోట ఆ మాట విని మా ఆయన వెనక్కి తిరిగి మరీ చూశాడు.

చూడటానికేముంది, ఉన్నదంతా బుర్రలోనే. ఆ వారమంతా బస్సులో, ఆఫీసులో, వంటింట్లో ఆ పాత పాఠాలను తవ్వుకున్నాను. తల్లిదండ్రులు ఉన్నప్పుడు మర్యాదగా చూసుకో, పోతే మర్యాదగా సాగనంపు అన్నాడు పెద్దాయన. ఉన్నారో పోయారో తెలియకపోతే? దానికి ఆయన ఏమీ చెప్పలేదు. చనిపోయినవాళ్లకు మనం చేసేది తెలుస్తుందా అని ఎవరో అడిగితే ఆయన దాటేశాడని ఒక కథ ఉంది. తెలుస్తుందంటే బతికున్నవాళ్ల నోరు కట్టి పోయినవాళ్లకు పెడతారు, తెలియదంటే శవాలను పారేసి పోతారు, అందుకని ఏదీ తేల్చలేదట. కాలేజీలో మేము దీన్ని తప్పించుకోవడం అన్నాం. ఇప్పుడు అలా అనిపించలేదు. తెలియనిదాన్ని తెలియనిదిగానే పట్టుకుని దాని ముందు నిటారుగా నిలబడటం ఎంత కష్టమో ఆ గదిలో ఆ మంచం దగ్గర చూసి వచ్చాను.

ఇంకో కథ. శిష్యుడొకడు తండ్రికి మూడేళ్లు దుఃఖం పాటించడం ఎక్కువ, ఏడాది చాలదా అని వాదించాడు. వాదన బాగానే ఉంది, నాలాంటివాడు. పెద్దాయన శాస్త్రం చూపించలేదు, కోప్పడలేదు. ఆ రోజుల్లో కమ్మని అన్నం తిని మంచి బట్ట కడితే నీ మనసు ఒప్పుతుందా అని మాత్రం అడిగాడు. ఒప్పుతుందన్నాడు శిష్యుడు. అయితే అలాగే చేసుకోమన్నాడు. వాదంలో గురువు ఓడిపోయాడని మేము బల్లలు చరిచాం. ఓడిపోవడం కాదది. మనసొప్పలేదు అనే మాట మన ఇళ్లలో రోజుకు ఎన్నిసార్లు వింటాం? మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పదు. పెద్దవాళ్లు నిలబడి ఉంటే కూర్చోవడానికి మనసొప్పదు. మా నాన్న పోయిన ఏడు నేను పూలు పెట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ గమనించనూ లేదు. మనసొప్పలేదు, అంతే. మా అమ్మమ్మ వంటింటి మాట ఒకటి అంత పాత గురువు చేతిలో తూకంరాయిగా ఉండటం, ఆయన ధర్మాన్నంతా దానితోనే తూచడం ఇన్నేళ్లకు అర్థమై, కూర మాడుతున్నా చూసుకోకుండా నిలబడిపోయాను.

అయినా నా వడ్రంగాయనను అంత తేలిగ్గా వదులుకుంటానా? వారం మధ్యలో ఒక సాయంత్రం మా ఆయనతో పాటు వెల్డర్ మా ఇంటికి వచ్చాడు, బాల్కనీ ఊచ ఊడిపోతే అతికించడానికి. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. జుట్టు జుట్టే, మీసం మీసమే, ప్రేమ వీటిలో ఉండదు, పెద్దన్నకు నీ మనసు తెలుసు, ఊరుకో అని చెప్పాను. అతను టీ ఊదుకుంటూ విన్నాడు.

"గట్లయితె పండుగనాడు కొత్తచీర ఎందుకు కడ్తరక్కా? పండుగ పాతచీరల రాదా?"

కొత్తచీర కొనిస్తేగా కట్టేది అని మా ఆయన వైపు చూశాను. అతను నవ్వాడు. నవ్వు అయిపోయాక గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"తీస్తె మా అవ్వను నేనే ముండమోపిని జేసినట్టు. తియ్యకుంటె పెద్దన్న బాపుకు నేనేం గానట్టు. రెండూ అబద్దాలే అక్కా. నేను ఏ అబద్దం జెప్పాలె?"

నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను. ఊచ అతికించి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున ఇంకా ఎండ ముదరకముందే అస్కర్ ఒడ్డుకు వెళ్లాం. ఆడవాళ్లు రారు అక్కడికి అన్నాడు మా ఆయన. అన్నం గిన్నెలు నువ్వు మోస్తావా అన్నాను. మోయడు, కాబట్టి వెళ్లాను. కారులోనే కూర్చుంటానని మాటిచ్చి, కారు ఆగగానే దిగాను.

చలిగాలి వీస్తోంది. ఒడ్డున లాగి పెట్టిన చేపల పడవలు, వాటి వెనక నీళ్లు, ఇటు తిరిగితే ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఊళ్లో అయితే మంగలాయన చెరువు దగ్గరికి వచ్చేవాడు. ఇక్కడ అస్కర్‌లో మంగలి కొట్టు పెట్టుకున్న పాకిస్తానీ, సియాల్‌కోట్ భాయ్ ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం జుమా నమాజు లోపల పని అయిపోవాలన్న ఒప్పందం. ఒక స్టూలు, బకెట్టు, సంచీ నిండా కొత్త బ్లేళ్లు. ఏ పని మీద పిలిచారో ఆయనకు సగమే తెలుసు. ఎవరో ముసలాయన పోయారు, గుండ్లు గీయాలి, అంతే.

పెద్దన్న మొదట కూర్చున్నాడు. తల అయ్యాక భాయ్ ఆయన భుజం తట్టి, ఏ కొట్టులోనైనా అడిగే మాట అడిగాడు.

"మూంఛ్ భీ?"

మీసం కూడానా అని.

"హా," అన్నాడు పెద్దన్న.

తర్వాత మెస్సాయన. మూంఛ్ భీ? హా. తర్వాత ఇంకొకరు. మూంఛ్ భీ? హా. మూడో మనిషి దగ్గర నాకు అర్థమైంది. ఆ భాయ్ ఏం అడుగుతున్నాడో ఆయనకు తెలియదు. మీ నాన్న ఉన్నారా అని అడుగుతున్నాడు. వాళ్లు లేరని చెబుతున్నారు. ఒక్కొక్క హా ఒక్కొక్క తండ్రి. గట్టిగా అన్నవాళ్లున్నారు, గొంతులోనే అన్నవాళ్లున్నారు. కొత్తగా క్యాంపులో చేరిన ఒక మనిషి, ఎవరితోనూ పెద్దగా కలవనివాడు, తనంతట తానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మూంఛ్ భీ? హా. అతనికి తండ్రి లేడని అప్పటిదాకా గదిలో ఒక్కరికీ తెలియదు. పెద్దన్న తల తుడుచుకుంటున్నవాడు తువ్వాలు ఆపి అతని వైపు చూశాడు. జరిగి పక్కన చోటిచ్చాడు.

తండ్రులున్నవాళ్లు మరోపక్క నిలబడ్డారు. చొక్కాలు, సెల్‌ఫోన్లు, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకున్నది వాళ్లే. మా ఆయన వాళ్లలో ఉన్నాడు, ఒక చేతి నిండా గీయించుకునేవాళ్ల చొక్కాలతో. మా మామగారు గుంటూరులో దివ్యంగా ఉన్నారు, నీళ్ల మోటారు గురించి రోజూ ఫోనులో కొడుకుతో తగువు. ఆ పొద్దున మా ఆయన గుప్పిటితో మీసాన్ని కప్పుకుని నిలబడ్డాడు. పక్కన చూస్తే ఆ వరుసలో మరో ఇద్దరు అలాగే ఉన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నేను ఇన్నేళ్లుగా ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టాను. వరుస ఉన్న ప్రేమా, వరుస లేని ప్రేమా అని. ఇక్కడ వరుస ఉంది, తండ్రి ఉన్నవాడు ఒక్క వెంట్రుక ఇవ్వడం లేదు. వరుస లేదు కూడా, ఏ కులమో ఏ ఊరో కానివాడి తండ్రికి ఇంతమంది కొడుకులయ్యారు. రెండూ ఒక్క ఒడ్డు మీద, ఒకదాన్నొకటి తోసుకోకుండా నిలబడి ఉన్నాయి. ఇసుక మీద జుట్టు గాలికి కదులుతోంది.

రెండు గుంపులకూ మధ్య, ఎటూ కాకుండా నేను నిలబడి ఉన్నాను. పెద్దన్న చూశాడు. ఆ నున్నటి మొహంతో ఆయన ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు.

"మేడం, మీ నాయిన?"

లేరన్నాను.

"మరి గాడ నిలవడ్డరేంది? ఇటు రాండ్రి."

ఇటు వెళ్లాను. ఎవరో నా చేతికి మగ్గు ఇచ్చారు. గీసిన తలల మీద నీళ్లు పోయడం నా వంతు అయింది. సగం పిల్లలను లెక్కపెట్టని భాష అని తిట్టిన దానిలో నాకు చోటు ఉందని ఇన్నేళ్లకు ఒకాయన చెప్పాడు. అదీ నాతో ప్రతి శుక్రవారం తగువాడేవాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. పోస్తూ పోస్తూ నా కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అందరివీ అయ్యాయి. భాయ్ కత్తి తుడుచుకుంటూ ఇంకెవరని అడిగాడు. పడవల దగ్గర నుంచి వెల్డర్ నడిచి వచ్చాడు. చొక్కా విప్పి, ఎవరి చేతికీ ఇవ్వకుండా ఇసుక మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. కత్తి నుదుటి మీద నుంచి వెనక్కి పోతున్నంతసేపూ వెల్డర్ కళ్లు మూసుకున్నాడు. తల అయిపోయింది. భాయ్ భుజం తట్టాడు.

"మూంఛ్ భీ?"

పెద్దన్న ఒక అడుగు ముందుకు వేశాడు, వద్దనడానికో, నీ ఇష్టమనడానికో నాకు తెలియదు. వెల్డర్ కళ్లు తెరిచాడు.

"నహీ భాయ్. ఉసే రహ్‌నే దో."

దాన్ని ఉండనీ అన్నాడు. భాయ్‌కు అదీ ఇదీ ఒకటే, తువ్వాలు దులిపాడు. మెస్సాయన మాత్రం ఉండబట్టలేక, గిదేం పద్ధతిరా, అటు గాక ఇటు గాక అని గొణిగాడు. పెద్దన్న వచ్చి తన భుజం మీది తువ్వాలుతో ఆ తల తానే తుడిచాడు.

"వానికెట్లున్నదో గట్లనే జేసిండు," అన్నాడు.

నేను మగ్గు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. నున్నటి గుండు కింద ఒత్తైన మీసం. పెద్దన్న తండ్రి పోయారు, నాకు దుఃఖం. నా తండ్రి పోయారని నేను అనను. ఒక్క మొహం మీద రెండు మాటలు, రెండూ నిజం, మధ్యలో ఒక్క అబద్ధమూ లేదు. పెద్దాయన తర్వాతి తరాలవాళ్లు ఒక సంగతి చెప్పేవారు. పోయినవాళ్లను పూర్తిగా పోయినట్టు చూస్తే దయ ఉండదు, ఉన్నట్టే చూస్తే తెలివి ఉండదు. అందుకని సమాధిలో పెట్టే వాద్యానికి తీగలు బిగిస్తారు, శ్రుతి మాత్రం చేయరట. పరీక్షలో దీనికి రెండు ముక్కలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. శ్రుతి చేయని ఆ తీగలు ఎందుకో, వాటిని బిగించినవాళ్లకు ఎంత నొప్పి ఉండి ఉంటుందో నాకు అస్కర్ ఒడ్డున అర్థమైంది. ఎవరూ చెప్పి చేయించినది కాదు. ఆ పెద్దలూ ఇలాంటి మనుషులను చూసే రాసుకుని ఉంటారు.

అన్నాలయ్యాక వెల్డర్ మా కారులో వెనక సీట్లో కూర్చున్నాడు. క్యాంపు దాకా ఐదు నిమిషాల దారి. ఫోను మోగింది. వాళ్లమ్మ, ఎప్పుడూ చేసే వేళకే. అతను ఎత్తలేదు. మళ్లీ మోగింది. మా ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. నేను వెనక్కి తిరిగి చూడకూడదనుకుని, తిరిగి చూశాను. అతను ఫోను మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

తెరలో ఆమె నుదురు, బొట్టు, దగ్గరగా తెచ్చుకున్న కళ్లు కనిపిస్తున్నాయి. ఆ కళ్లు పైనుంచి కిందికి దిగి ఒక్కచోట ఆగాయి. తర్వాత ఆమె గొంతు వచ్చింది.

"ఎవలు వోయిండ్రు బిడ్డా?"

పెద్దన్న వాళ్ల బాపు అని చెప్పాడు. అయ్యో అంది. పెద్దన్న ఏమన్నా తిన్నాడా అని అడిగింది, మీరంతా తిన్నారా అని అడిగింది, గుండుకు గాలి తగలనీయకు, రుమాలు కట్టుకో అని చెప్పింది. అన్నిటికీ ఊఁ కొట్టాడు. పెట్టేయబోతూ ఆమె మళ్లీ ఫోను దగ్గరికి తెచ్చుకుంది.

"ఆ మీసం జర కత్తిరిచ్చుకో. నోట్లెకు వస్తున్నది. మీ బాపు చూస్తె తిడ్తడు."

"సరేనే," అన్నాడు అతను.